18 ఏళ్ళకే మిషన్‌కు: మార్మన్ కుర్రాళ్ళ శిక్షణ, మొదటి రోజుల కట్టుబాట్లు సరైనవేనా?

లీహై_శ్రీను

యూటాలో మా వీధిలో సగానికి పైగా మార్మన్ కుటుంబాలే, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘం వాళ్ళు. ఆ సంఘం కుర్రాళ్ళు ఇల్లు వదిలి రెండేళ్ళు మతబోధకు వెళ్ళడాన్నే మిషన్ అంటారు. పక్కింటి అబ్బాయి హైస్కూల్ అయిపోగానే ప్రోవోలోని మిషనరీ శిక్షణ కేంద్రానికి వెళ్ళాడు. ఇక్కడ అందరూ దాన్ని ఎంటీసీ అంటారు. తల్లిదండ్రులు కారు తీసుకెళ్ళి ఆపుతారు. అప్పటికే లోపల ఉంటున్న ఒక మిషనరీ ఎదురొచ్చి సూట్‌కేసు అందుకుంటాడు. తల్లిదండ్రులు కొడుకుని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకునేసరికి వెనక ఇంకో కారు వచ్చి నిలబడి ఉంటుంది. లోపలికి వెళ్ళగానే నల్ల బ్యాడ్జి ఇస్తారు. ఇక రెండేళ్ళు అతన్ని ఎల్డర్ అని ఇంటిపేరుతోనే పిలుస్తారు. కేంద్రం వాళ్ళు జతచేసిన కంపానియన్, అంటే తోడు మిషనరీ, ఎప్పుడూ కంటికి కనిపిస్తూ, మాటకు అందేంత దూరంలో ఉండాలి. ఉదయం ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు దీపాలు ఆర్పాలి. డేటింగ్ లేదు.

నన్ను కలవరపెట్టేది క్రమశిక్షణ కాదు. ఇల్లు, స్నేహితులు, సొంత పేరు, ఒంటరిగా కూర్చుని ఆలోచించుకునే సమయం, ఇవన్నీ ఒకే రోజున పోతాయి. తన నమ్మకాన్ని తానే పరీక్షించుకోవాల్సిన వయసులో ఆ పిల్లాడు దాన్ని ఇతరులకు బోధించడం నేర్చుకుంటున్నాడు. 2012 అక్టోబరు దాకా అబ్బాయిలకు 19 నిండాలి, అమ్మాయిలకు 21. అప్పటి అధ్యక్షుడు థామస్ మాన్సన్ వాటిని 18, 19 చేశారు. ఆ తగ్గింపు తప్పని నా గట్టి అభిప్రాయం. మీరేమంటారు?

రాజమండ్రి_సిస్టర్

శ్రీను గారూ, నేను ఈ సంఘంలోనే పెరిగాను, మిషన్ చేశాను. శిక్షణ మనీలాలో జరిగింది, తర్వాత పని మన దేశంలోనే. కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెప్పగలను.

మొదటి రోజు కష్టమే. దాచను. నా కంపానియన్ కోయంబత్తూరు అమ్మాయి. ఇద్దరికీ కలిసే భాష ఇంగ్లీషు ఒక్కటే, అది కూడా ఇద్దరికీ అంతంతమాత్రం. రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడిస్తే పక్క మంచం మీద తనూ ఏడుస్తోందని అర్థమైంది. ఆ తర్వాత ఇద్దరం లేచి కూర్చుని మాట్లాడుకున్నాం. మీకు కాపలాలా కనిపించే కంపానియన్ ఆ రాత్రి నాకు దిక్కు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊపిరి సలపదు. క్లాసు, చదువు, మళ్ళీ క్లాసు. మూడు నాలుగు రోజుల్లోనే ఒక మనిషి ఎదురుగా కూర్చోబెట్టి బోధించమంటారు. ఆ మనిషి మా టీచరేనని తెలుసు, అయినా చెమటలు పట్టాయి. కొత్త భాష నేర్చుకునేవాళ్ళకు ఇంకా కష్టం. వాళ్ళు కూడా మొదటి వారంలోనే ఆ కొత్త భాషలో ప్రార్థన చేయాలి, తడుముకుంటూ ఆ మనిషితో మాట్లాడాలి. ఇంగ్లీషులో పని చేసేవాళ్ళకు శిక్షణ రెండు మూడు వారాల్లో అయిపోతుంది. కష్టమైన భాషలకు రెండు నెలల దాకా పడుతుంది.

నమ్మకాన్ని పరీక్షించుకునే వీలు ఎక్కడని అడిగారు. అక్కడే అండి. ఇంట్లో ఉన్నంత కాలం నాన్న నమ్మకం మీద నడిచాను. ఎదుటి మనిషి "నువ్వు దీన్ని ఎందుకు నమ్ముతున్నావు?" అని అడిగినప్పుడు నాన్న పేరు చెప్పలేం కదా.

గుంటూరు_మాస్టారు

ఇంటర్ పిల్లలకు ఏళ్ళ తరబడి పాఠం చెప్పినవాడిని, కాబట్టి ఒక మాట అంటాను. పదో తరగతి అవగానే 15 ఏళ్ళ పిల్లల్ని హాస్టల్లో వేసి, పొద్దున్నే లేపి, రాత్రి దాకా స్టడీ అవర్లు పెట్టి, ఫోన్ వారానికి ఒకసారి ఇచ్చే ఊళ్ళలో ఉన్నవాళ్ళం మనం. ఇంటికెళ్తానని ఏడ్చిన పిల్లల్ని "రెండేళ్ళు ఓర్చుకో" అని వెనక్కి పంపిన తల్లిదండ్రులను నా కళ్ళతో చూశాను. వాళ్ళలో ఎవరూ ఆ పిల్లాడిని నీకిది ఇష్టమేనా అని అడగలేదు. ప్రోవో కుర్రాడికి కనీసం 18 నిండాయి, దరఖాస్తు తన చేత్తో తానే పెట్టుకున్నాడు. అతని గురించి బాధపడే ముందు మన ఇంట్లో చూసుకోవాలి.

పైగా ఇది జీతం వచ్చే పని కాదు. ఎదురు డబ్బు కట్టి చేసే సేవ. అమెరికాలో అయితే నెలకు 400 డాలర్లు ఉండేది, 2020 జులై నుంచి 500 అయింది. చాలామంది కుర్రాళ్ళు చిన్నప్పటి నుంచి దీనికోసం దాచుకుంటారు. 18 ఏళ్ళకు తన సొంత డబ్బుతో ఇతరుల కోసం రెండేళ్ళు ఇచ్చే పిల్లాడు మన సమాజంలో ఎంతమంది ఉన్నారు?

లీహై_శ్రీను

మాస్టారూ, హాస్టల్ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అది పాపమేనన్నదాంట్లో నాకూ సందేహం లేదు. కానీ హాస్టల్ నచ్చని పిల్లాడు హాస్టల్‌ను తిట్టుకుంటాడు, ఎంసెట్‌ను తిట్టుకుంటాడు. ఎంటీసీలో ఇమడలేని పిల్లాడు ఎవరిని తిట్టుకోవాలి? నేను దేవుడికి సరిపోలేదేమో అనుకుంటాడు. ఆ బరువు వేరు.

దరఖాస్తు తనే పెట్టుకున్నాడన్నారు. ఈ సంఘంలో యోగ్యత, ఆరోగ్యం ఉన్న ప్రతి అబ్బాయికీ మిషన్ బాధ్యత అని నేర్పుతారు. 2022 ఏప్రిల్ మహాసభలో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ నెల్సన్ ఆ మాటే మళ్ళీ గట్టిగా చెప్పారు. అమ్మాయిలకు మాత్రం వాళ్ళ ఇష్టం. రాజమండ్రి అక్క ఎంచుకుని వెళ్ళారు. మా పక్కింటి అబ్బాయి వెళ్ళనంటే ఏమయ్యేదో మా వీధిలో అందరికీ తెలుసు.

ఒంగోలు_డేవిడ్

మాది బాప్టిస్టు కుటుంబం. మార్మన్ సిద్ధాంతంతో నాకు పెద్ద విభేదాలున్నాయి, వాటిని ఈ చర్చలోకి తేను. చరిత్ర నుంచి ఒక విషయం చెప్తాను.

ఈ సంఘం మొదలైన రోజుల్లో మిషన్‌కు వెళ్ళినవాళ్ళలో పెళ్ళయి పిల్లలున్న మగవాళ్ళు చాలామంది. 1839లో సంఘ నాయకులు బ్రిగమ్ యంగ్, హీబర్ కింబాల్ ఇంగ్లండ్ బయల్దేరారు. ఇద్దరికీ జ్వరం, ఇంట్లో భార్యాపిల్లలకూ జ్వరమే. అది మంచిదని నేననను, ఆ ఆడవాళ్ళు పడ్డ పాట్లు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కానీ వెళ్ళినవాళ్ళు జీవితం చూసినవాళ్ళు.

మన హైదరాబాద్ సంగతి చూడండి. ఎడ్విన్ ధర్మరాజు గారు కీటక శాస్త్రవేత్త. సమోవాలో ఉద్యోగం చేస్తూ భార్యతో సహా ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో ఇద్దరూ హైదరాబాద్ వచ్చి సొంత బంధువుల మధ్య చెప్పుకున్నారు, 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆమె తండ్రి శ్రీనివాసం గారు బాప్టిస్టు పాస్టరు, మార్మన్ల గ్రంథం బుక్ ఆఫ్ మార్మన్‌ను తెలుగులోకి తెచ్చింది ఆయనే. తెలుగు నేల మీద ఈ సంఘానికి వేరు పడింది నడివయసు దంపతుల వల్ల. వాళ్ళను ఎదుటివాళ్ళు ప్రశ్నిస్తే జవాబు వాళ్ళ బతుకులోంచి వచ్చింది. 18 ఏళ్ళ కుర్రాడికి అంత బతుకు ఎక్కడిది? శిక్షణలో నేర్పిన మాటలే చెప్తాడు. శ్రీను గారు అన్నదానికి ఇదే నా మద్దతు.

రాజమండ్రి_సిస్టర్

డేవిడ్ అన్నా, ధర్మరాజు గారి కథ చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. సంతోషంగా ఉంది మీరు గుర్తు చేసినందుకు. కానీ వేరు పడ్డాక నీళ్ళు పోసిందెవరు? 2012 మేలో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి స్టేక్ ఏర్పడింది, దాన్ని ఏర్పాటు చేయడానికి వచ్చిన డాలిన్ ఓక్స్ గారే ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడు. స్టేక్ అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసి తమను తామే నడుపుకునే ఏర్పాటు. దానికి లెక్కలు చూడగలిగినవాళ్ళు, నలుగురి ముందు మాట్లాడగలిగినవాళ్ళు, ఇంట్లో గొడవపడి వచ్చిన కుటుంబాన్ని కూర్చోబెట్టి వినగలిగినవాళ్ళు కావాలి. మా దగ్గర ఆ పనులు చేస్తున్నవాళ్ళలో నాకు తెలిసిన చాలామంది ఇరవై ఏళ్ళకు అటూఇటూ మిషన్ చేసి వచ్చినవాళ్ళే. ఆటో డ్రైవర్ కొడుకు, టైలర్ కూతురు. వాళ్ళకు ఇంకెవరూ అలాంటి శిక్షణ ఇవ్వలేదు.

నేర్పిన మాటలే చెప్తారన్నది కూడా పాత పద్ధతి గురించి. ఒకప్పుడు పాఠాలు కంఠతా పెట్టించేవారు. 2004 నుంచి అది పోయింది. ఎదుటివారి అవసరాన్ని బట్టి సొంత మాటల్లో చెప్పాలి.

డల్లాస్_సుధ

నేను ఇక్కడ స్కూల్లో కౌన్సెలర్‌ని. ఏ మతంతోనూ నాకు పేచీ లేదు. మీరందరూ 18 చిన్నదా పెద్దదా అని వాదిస్తున్నారు. నేను చూసే చోటు వేరు.

ఇంటిమీద బెంగ జబ్బు కాదు. కాలేజీ డార్మ్‌లో చేరే పిల్లలకూ, సైన్యంలో చేరేవాళ్ళకూ మొదటి రోజుల్లో ఉంటుంది, చాలామందికి తగ్గిపోతుంది. తగ్గని కొద్దిమంది విషయంలో ఏం చేస్తాం అన్నదే అసలు ప్రశ్న. ఇంటికి ఫోన్ చేయగలడా? నాకు బాగాలేదని చెబితే ఎవరైనా వింటారా? మధ్యలో వచ్చేస్తే ఊళ్ళో తలెత్తుకుని తిరగగలడా? ఈ మూడూ ఉంటే 18 అయినా ఫర్వాలేదు. లేకపోతే 25 అయినా ప్రమాదమే.

మొదటిది చూడండి. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లు. క్రిస్మస్‌కు, మదర్స్ డేకు. మిగతా అంతా వారానికొక ఈమెయిల్. ఆ నెలలో నియమం మార్చారు. ఇప్పుడు వారానికొకసారి, వాళ్ళు పీ డే అనే సొంత పనుల రోజున, ఫోన్ గానీ వీడియో కాల్ గానీ చేసుకోవచ్చు. ఈమెయిల్లో "అంతా బాగుంది" అని రాసిన పిల్లాడి ముఖం చూస్తే తల్లికి నిజం తెలుస్తుంది. నా దృష్టిలో 2012 వయసు తగ్గింపు కన్నా ఇది పెద్ద మార్పు. కోవిడ్ తర్వాత శిక్షణ మొదటి రోజులు ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో మొదలవుతున్నాయి. అదీ మంచిదే, ఒక్క దెబ్బకు అన్నీ తెగిపోవు.

రెండోది. 2013లో సంఘమే మిషనరీల కోసం ఒక చిన్న పుస్తకం ఇచ్చింది. ఒత్తిడిని ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అని నాలుగు మెట్లుగా చూపించి, ఏ మెట్టులో ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో రాశారు. ప్రార్థన చేసుకుంటే చాలని తోసిపుచ్చలేదు. దాన్ని నేను మెచ్చుకుంటాను.

మూడోదే మిగిలిపోయింది. పోయిన ఏడాది నా దగ్గరికి ఒక తల్లి వచ్చింది. కొడుకు శిక్షణలోనే వెనక్కి వచ్చేశాడు, టెన్షన్‌తో తిండి సహించలేదు, నిద్ర లేదు. ఆ పిల్లాడు ఇంట్లోంచి బయటకు రావడం లేదు. ఆదివారం గుడికి వెళితే అందరూ చేయి కలుపుతారు, ఎవరూ మాటలతో గుచ్చలేదు. అయినా "ఎప్పుడు తిరిగి వెళ్తున్నావు?" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు. దానికి జవాబు చెప్పలేకే వెళ్ళడం మానేశాడు.

2019 నుంచి ఆరోగ్యం సహకరించనివాళ్ళకు ఇంటి దగ్గరే ఉండి చేసే సేవా మిషన్‌ను కూడా అదే గౌరవంతో ఇస్తున్నారు. కాగితం మీద తలుపు తెరుచుకుంది. వీధిలో ఇంకా తెరుచుకోలేదు. శ్రీను గారూ, మీ కోపం అటు తిప్పండి.

గుంటూరు_మాస్టారు

సుధమ్మా, ఆ మూడో ప్రశ్న హాస్టల్ నుంచి వచ్చేసిన మన పిల్లలకూ సరిగ్గా సరిపోతుంది. "సీటు వదిలేశాడట" అనే మాట ఊళ్ళో ఎంతకాలం వెంటాడుతుందో నాకు తెలుసు. నేను నా మొదటి మాట నుంచి కొంచెం జరుగుతున్నాను. ఇద్దరి ఇళ్ళలోనూ ఒకటే రోగమైతే మన ఇల్లు ముందు చూసుకోమని వాళ్ళ సంగతి పక్కన పెట్టడం న్యాయం కాదు.

ఒంగోలు_డేవిడ్

ఒప్పుకుంటాను. కానీ వయసుకూ దీనికీ సంబంధం ఉంది కదా? ఏడాది కాలేజీ చదివి, బయట ప్రపంచం చూసి, ఒకటి రెండు దెబ్బలు తిన్న కుర్రాడు "నేను వెళ్ళను" అని చెప్పగలడు. హైస్కూల్ గౌను విప్పిన వేసవిలోనే వెళ్ళేవాడికి ఆ ధైర్యం ఎలా వస్తుంది? 18 చేయడం వల్ల మధ్యలో ఆలోచించుకునే ఆ ఒక్క ఏడాదీ పోయింది.

రాజమండ్రి_సిస్టర్

ఆ ఏడాది అందరికీ ఒకేలా ఉండదు అన్నా. 2012కు ముందే చాలా దేశాల్లో అబ్బాయిలను 18కే పంపేవారు, సైన్యంలో తప్పనిసరి సర్వీసు, చదువుల లెక్క అలా ఉంటాయి కాబట్టి. అమెరికాలో కాలేజీ మొదటి ఏడాది అవగానే చదువు మధ్యలో ఆపి వెళ్ళాల్సి వచ్చేది. ఇప్పుడు 18కే వెళ్ళాలని నిర్బంధం లేదు, 19కి వెళ్ళొచ్చు, 22కి వెళ్ళొచ్చు. తొందరపెట్టేది నియమం కాదు, చుట్టూ ఉన్నవాళ్ళు.

సుధ గారు చెప్పిన పిల్లాడి సంగతి చదివి చాలా బాధేసింది. నాతో శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి వెళ్ళిపోయింది. మేమంతా ఆమె కోసం ప్రార్థన చేశాం. ఆమెకు ఉత్తరం రాయాలని మాత్రం మాలో ఎవరికీ తోచలేదు. మా సంఘంలో ఈ విషయం మీద మాట్లాడతాను. వచ్చేసిన పిల్లలకు ఏదో ఒక పని వెంటనే అప్పగించాలి. క్లాసు చెప్పడమో, సంగీతమో, ఏదైనా. "ఎప్పుడు వెళ్తావు" అనే ప్రశ్న ఆపితే చాలదు, ఇక్కడ నీ అవసరం ఉందని చూపించాలి.

లీహై_శ్రీను

అక్కా, మీరు ఆ మాట అన్నందుకు నిజంగా సంతోషం. వయసు విషయంలో నేను మారలేదు. అబ్బాయిలకు కూడా అమ్మాయిలకు చెప్పినట్టే "నీ ఇష్టం" అని చెప్పే రోజు వస్తే 18 గురించి నాకు ఇంత పట్టింపు ఉండదు. అది వచ్చేదాకా 19 ఉండాల్సిందే అంటాను.

సుధ గారూ, ఒకటి అడుగుతాను. పక్కింటివాళ్ళు ప్రతి వారం అబ్బాయితో వీడియోలో మాట్లాడాక మాకూ కబుర్లు చెప్తారు. పోయిన వారం ఆ తల్లి "వాడు సరిగా తినట్లేదు, చిక్కిపోయాడు" అంది. పరాయి మతంవాడిని, నేను ఏమైనా అంటే తప్పుగా తీసుకుంటారేమోనని ఊరుకున్నాను. అలాంటప్పుడు ఏం చెప్పాలి?

డల్లాస్_సుధ

మతం మాట ఎత్తకండి. ఎన్నాళ్ళ నుంచి తినట్లేదు, నిద్ర పడుతోందా అని మాత్రం ఆమెను అడగండి. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే అక్కడి వైద్య సిబ్బందితో, అక్కడి మిషనరీలకు పెద్దగా ఉండే మిషన్ అధ్యక్షుడి భార్యతో నేరుగా మాట్లాడమనండి. మిషనరీల ఆరోగ్యం చూసేది చాలాచోట్ల ఆమే. అబ్బాయి అడిగితేనే మాట్లాడాలని ఆగొద్దని చెప్పండి. 18 ఏళ్ళ మగపిల్లలు అడగరు.