అప్‌డేట్: యాభై ఆరేళ్లకే విరమణ, ఇంటి ఖర్చు, పన్ను

స్వచ్ఛంద విరమణ సొమ్మును ఎక్కడ ఉంచితే గాజువాకలోని మా ఇల్లు ఇబ్బంది లేకుండా గడుస్తుందని ఇంతకుముందు అడిగాను. మీ సలహాల మేరకు చేసినది తెలియజేస్తున్నాను.

55 ఏళ్లు దాటి విరమణ పొందినవారు, అరవై నిండకపోయినా, విరమణ సొమ్ము చేతికందిన మూడు నెలల్లోగా సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో చేరవచ్చు కనుక, గరిష్ఠ పరిమితియైన 30 లక్షల రూపాయలను పోస్టాఫీసులో జమ చేశాము. 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకొకసారి 61,500 రూపాయలు వస్తాయి. కిరాణా, కరెంటు, అమ్మ మందులు అందులోనే సర్దుకోవాలని నేనూ మా ఆవిడా నిశ్చయించుకున్నాము. ఈ వడ్డీ పన్ను పరిధిలోనిదే అయినా, కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు (పన్ను మాఫీ) ఉన్నందున భారం పడదు.

ఈక్విటీ ఫండ్ల (షేర్లలో పెట్టే మ్యూచువల్ ఫండ్ల) దీర్ఘకాలిక లాభాలకు ఆ రిబేటు వర్తించదు. అందుకే ఏటా పన్ను పడని 1.25 లక్షల లాభం లోపే అమ్ముతాను. భవిష్య నిధి (పీఎఫ్) ఇంకా తీయలేదు. ఉద్యోగం మానిన తరువాత చేరే వడ్డీకి పన్ను ఉంటుంది కనుక మార్చిలోగా తీసేస్తాను.