సంధింపగానా, సాధింపగానా?

అరసున్న:
మూడు రోజులుగా ఒక పాదం వదలడం లేదు. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్ రేడియోలో చేసిన యుద్ధ ప్రకటనను తెలుగు చేస్తున్నాను. పోలండ్ నుంచి సైన్యాన్ని వెంటనే వెనక్కి తీసుకుంటామని ఉదయం 11 గంటలకల్లా కబురు రాకపోతే మన మధ్య యుద్ధస్థితి ఏర్పడుతుందని జర్మనీకి చెప్పాం, అలాంటి కబురేదీ రాలేదు అంటాడాయన. ఆ గడువు దగ్గరికి రాగానే కృష్ణుడు సుయోధనుడితో అనే "జెండాపై కపిరాజు" రాయబారం పద్యం నోట్లో ఆడుతోంది. "ఒక్కండున్ నీ మొఱ నాలకింపడు కురుక్ష్మానాథ..." తర్వాత నా చెవిలో ఉన్నది "సాధింపగాన్". ఇంట్లో అందరూ "సంధింపగాన్" అంటున్నారు. ఏది సరి?

శకటరేఫ:
సంధింపగాన్. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం. ఇందులో సందేహానికి చోటు లేదండీ.

గసడదవ:
పాఠం అదే, ఒప్పుకుంటాను. కానీ ఛందస్సు మాత్రం దీన్ని తేల్చదు. శార్దూలం చివర త, త, గ. సం అయినా సా అయినా గురువే. యతి క్ష్మా దగ్గరే తీరిపోయింది, ప్రాస ఎప్పుడో అయిపోయింది. అందుకే "సా" అని ఇన్నాళ్లూ హాయిగా పాడుకోగలిగారు. తేల్చాల్సింది అర్థమే. సంధించడం అంటే సంధి చేయడమా, బాణం తొడగడమా?

శకటరేఫ:
సంధి చేయడమే. రాయబారంలో ఇంకేముంటుంది?

గసడదవ:
పైపాదాలు చూడండి మాస్టారూ. అర్జునుడు నారి సారించాడు, గాండీవం పట్టాడు, మూకను చెండుతున్నాడు. వింటి చుట్టూ కట్టిన పద్యం ఇది. అక్కడ "సంధింపగాన్" అంటే చెవికి ముందు తగిలేది బాణమే.

ద్రుతం:
చెండుతున్నవాడు అప్పటికే వందసార్లు బాణం తొడిగి ఉంటాడు, మళ్లీ చివర సంధించడం దేనికి? సంధి కుదర్చమని నువ్వు మొరపెట్టుకుంటే వినేవాడు ఒక్కడూ ఉండడు అనే నేను చదువుకుంటాను. నాకు అసలు రుచి "మొఱ"లో ఉంది. ఇవాళ బతిమాలుతున్నది రాయబారి. రేపు మొరపెట్టేది నువ్వు. ఈ తిరగబడడం అంతా ఆ ఒక్క మాటలో పెట్టారు.

అయినా రెండు అర్థాలకూ మూలం ఒకటే కదా. సం ఉపసర్గ, ధా ధాతువు. సంధీ అక్కడిదే, శరసంధానమూ అక్కడిదే. పేపర్లో "సంధానకర్త" అని చదివినప్పుడల్లా నాకు వింటినారి గుర్తొస్తుంది.

అరసున్న:
అక్కా, ఈ మాట నాకు బాగా పనికొస్తుంది. చాంబర్లేన్ మాట్లాడింది 11:15కి. ఆ ఉదయం 9 గంటలకు బెర్లిన్‌లో బ్రిటన్ రాయబారి హెండర్సన్ గడువు పత్రం తీసుకెళ్లాడు. విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ తాను రాకుండా దుబాసీ ష్మిట్‌ను కూర్చోబెట్టాడు. హెండర్సన్ ఆ గదిలో నిలబడే పత్రం చదివి వినిపించాడు. "ఒక్కండున్ ఆలకింపడు" అన్నది ఇక్కడ రాయబారికే పట్టింది.

శకటరేఫ:
పోలిక బాగుంది గానీ పద్యంలో గడువు లేదు. "ఐతే", "కాకుంటే" ఎక్కడున్నాయి? "చెండుచున్నప్పుడు" అన్నారు. ఎప్పుడో తేలిపోయిన సంగతిలా చెప్పారు. నా లెక్కలో అది హెచ్చరిక కాదు, ప్రకటన. షరతు కావాలంటే "అలుగుటయే యెఱుంగని" పద్యానికి వెళ్లండి. అక్కడ "అలిగిననాడు" ఉంది.

గసడదవ:
"అలిగిననాడు" షరతో, కాలమో? దాని మీదే ఇంకో దారం నడపొచ్చు.

హెచ్చరిక, ప్రకటన అన్నారు కదా, 1907 హేగ్ ఒప్పందం ఆ రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టింది. ముందుగా, స్పష్టంగా తెలియజేయకుండా పోరు మొదలుపెట్టకూడదు. అది కారణాలు చూపే యుద్ధ ప్రకటన కావచ్చు, కాదంటే యుద్ధమనే షరతు పెట్టిన తుది హెచ్చరిక కావచ్చు. తటస్థ దేశాలకూ వెంటనే తెలపాలి, టెలిగ్రాం చాలు. దానికి ఏడేళ్ల తర్వాత, 1914 జూలై 28న ఆస్ట్రియా-హంగరీ సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది కూడా టెలిగ్రాంతోనే.

ద్రుతం:
తటస్థుల మాట వచ్చింది కాబట్టి తిక్కన దగ్గరికి వెళ్లకుండా ఉండలేను. "సారపు ధర్మమున్ విమల సత్యము" పద్యంలో కృష్ణుడు సుయోధనుణ్ణి వదిలేసి సభలో కూర్చున్న పెద్దల వైపు తిరుగుతాడు. "దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు". ఆపగల శక్తి ఉండి ఊరుకున్నారే, చేటు వాళ్లకే. నాటక పద్యాలు నోటికి ఎంత బాగా వస్తాయో తెలియనిది కాదు. కానీ యుద్ధం రావడానికి ముందు సభలో ఉండే మౌనం తిక్కనకు పట్టుబడినట్టు ఇంకెవరికీ పట్టుబడలేదు. "ఉపేక్ష" అన్న మాట మీద ఆగి చదవండి. మామూలు మాటే, అక్కడ ఎంత బరువు మోస్తోందో!

శకటరేఫ:
తిక్కన గొప్పతనం గురించి నాతో పోట్లాట లేదమ్మా. ప్రశ్న "సంధింపగాన్" గురించి.

అరసున్న:
నా ఇబ్బంది ఇంకొకటి కూడా ఉంది. కబురేదీ రాలేదన్నాక చాంబర్లేన్ చెప్పిన వాక్యానికి "మన దేశం జర్మనీతో యుద్ధంలో ఉంది" అని రాస్తే తెలుగులా లేదు. "యుద్ధం మొదలైంది" అంటే తప్పు, ఆ నిమిషానికి బ్రిటన్ ఇంకా తుపాకీ పేల్చలేదు. "ప్రకటిస్తున్నాం" అని ఆయన అనలేదు. గడువు దాటింది కాబట్టి యుద్ధం దానంతట అదే వచ్చి కూర్చుందన్నట్టు చెప్పాడు.

గసడదవ:
"యుద్ధం వచ్చిపడింది" అనండి.

ద్రుతం:
వచ్చిపడడం వానకూ వరదకూ సరిపోతుంది. మనుషులు తెచ్చుకున్నదానికి అలా అనడం నాకు మనసొప్పదు. "యుద్ధానికి దిగాం" అంటే చేసినవాళ్లు కనిపిస్తారు.

శకటరేఫ:
యుద్ధం అన్న మాట తప్పించడం యుద్ధానికి దిగేవాళ్లకు కొత్త కాదు. 1941 డిసెంబరు 7న జపాన్ రాయబారులు అమెరికా విదేశాంగ మంత్రి హల్ చేతికిచ్చిన పత్రం చూడండి. 14 భాగాలు. సంప్రదింపుల్లో ఒప్పందం కుదరదనే ముగింపు తప్ప యుద్ధం ప్రకటిస్తున్నామని లేదు. అది చేతికి అందేసరికి పెర్ల్ హార్బర్ మీద దాడి మొదలై దాదాపు గంట. మర్నాడు అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్ చదివిన ప్రసంగం టైపు కాగితం మీద "ప్రపంచ చరిత్రలో" అన్న మాట కొట్టేసి చేత్తో "అపకీర్తి" (infamy) అని దిద్దుకున్నాడు. ఆ ఒక్క దిద్దుబాటే జనం గుర్తుపెట్టుకున్నారు.

గసడదవ:
"అపకీర్తి" చాలదు. అక్కడ "కళంకం" కావాలి.

ద్రుతం:
కళంకం చంద్రుడిలోనూ ఉంటుంది. "అపకీర్తి"లో లోకం నోరు ఉంది, అదే ఉంచండి.

అరసున్న:
మళ్లీ మాట దారి తప్పింది. శకటరేఫ గారూ, సంధి అర్థమే తీసుకుందాం. సంధింపగాన్ అన్నదానికి కర్త ఎవరు? మొరపెట్టే సుయోధనుడా, వినని ఆ "ఒక్కండు"నా?

శకటరేఫ:
మొరపెట్టేవాడే.

గసడదవ:
కాదు, వినని ఆ ఒక్కడే. సంధి చేసి పెట్టడానికి నీ మాట ఒక్కడూ వినడు. "గాన్" ఎటు ముడిపడుతుందో చూడండి, "ఆలకింపడు"కే కదా!

ద్రుతం:
రేపు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటాను. ముందూ వెనకా పద్యాలు కూడా చదవందే దీన్ని వదలను.