చిక్కడపల్లిలో అద్దె మడిగ ఖాళీ చేయాల్సి వస్తోంది: నాన్నగారి కిరాణా కొట్టును కొనసాగించాలా?

చిక్కడపల్లి కొట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో చిక్కడపల్లి ప్రధాన రహదారికి రెండు సందుల లోపల మా నాన్నగారు ముప్ఫై ఏళ్లకు పైగా కిరాణా కొట్టు నడుపుతున్నారు. మడిగ అద్దెది. ఆ పాత రెండంతస్తుల ఇంటిని డెవలప్‌మెంట్‌కు ఇస్తున్నామనీ, దసరా లోపు ఖాళీ చేయాలనీ యజమాని ఈ మధ్య చెప్పారు. ఆయన మర్యాదస్తుడే. కొత్త భవనం పూర్తయ్యాక కింది అంతస్తులో ఒక మడిగ మాకే ఇస్తానంటున్నారు, అయితే అద్దె మాత్రం అప్పటి రేటు ప్రకారమే ఉంటుందని ముందే తేల్చేశారు.

నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నాను. సెలవులకు వచ్చినప్పుడల్లా గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను కాబట్టి వ్యాపారం ఎలా మారుతూ వచ్చిందో కొంత తెలుసు. ఒకప్పుడు నెల మొదటి వారంలో చుట్టుపక్కల ఇళ్లవాళ్లు సరుకుల చీటీ రాసి పంపితే, కొట్లో పనిచేసే కుర్రవాడు బియ్యం బస్తా మొదలుకొని ఇంగువ డబ్బీ దాకా అన్నీ సైకిల్ మీద చేర్చి వచ్చేవాడు; జీతాలు రాగానే ఖాతా తీరేది. ఇప్పుడు ఆ నెలసరి చీటీ సూపర్‌మార్కెట్‌కు పోయింది. మధ్యలో అయిపోయిన పెరుగు ప్యాకెట్టో, కొత్తిమీర కట్టో అయితే పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లకు పోయింది. మా సందులో కుటుంబాలు ఉండే ఇళ్లు కూడా తగ్గి, చాలావరకు పోటీ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లుగా మారాయి. మాకు మిగిలింది ఆ పిల్లలు కొనే బిస్కెట్లు, గుడ్లు, షాంపూ ప్యాకెట్లు. రెండు మూడు హాస్టళ్ల వంటగదులకు వేసే పప్పు, చింతపండు, ఎండుమిర్చి. ఆపైన శ్రావణమాసం నుంచి కార్తీకం దాకా సాగే పూజా సామగ్రి.

నాన్నగారికి అరవై దాటాయి. పక్క సందులో వేరే మడిగ చూసుకుందామని ఆయన, ఇక చాలించి విశ్రాంతి తీసుకోమని అమ్మ. కొత్త భవనం కోసం ఆగడం మూడో దారి. ఈ ప్రాంతంలో వ్యాపారం చేస్తున్నవారు గానీ, ఇలాంటి పరిస్థితి దాటినవారు గానీ తమ లెక్కలు ఎలా వేసుకున్నారో చెబితే మేలు చేసినవారవుతారు.

అశోక్‌నగర్ జిరాక్స్

మీ కొట్టు ఉన్నచోటు నాకు తెలిసే ఉంటుంది. నాది అశోక్‌నగర్‌లో జిరాక్స్, స్పైరల్ బైండింగ్ దుకాణం. విద్యార్థుల మీద ఆధారపడే వ్యాపారం ఎలా ఉంటుందో ముందు చెబుతాను, ఎందుకంటే మీరు పక్క సందులో మడిగ తీసుకున్నా మీ గిరాకీలో అధిక భాగం వాళ్లే అవుతారు.

ఇక్కడి వ్యాపారానికి పండగల కంటే నోటిఫికేషన్లే ముఖ్యం. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చినప్పుడు గదులు దొరక్క పిల్లలు మంచానికింత అని అద్దె కట్టారు. మా యంత్రాలు అర్ధరాత్రి దాకా ఆగలేదు. 2023 మార్చిలో పేపర్ లీకేజీ బయటపడి ప్రిలిమ్స్ రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. ఆ రోజుల్లో పెట్టె సర్దుకొని ఊరికి పోయిన పిల్లలతో పాటే కర్రీ పాయింట్ల గిరాకీ, టీ కొట్ల గిరాకీ, నా గిరాకీ కూడా పోయాయి. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చాక గానీ సందులు మళ్లీ నిండలేదు. ఇలాంటి ఎత్తుపల్లాలను తట్టుకోవాలంటే అద్దె తక్కువగానైనా ఉండాలి, చేతిలో కొన్ని నెలల ఖర్చుకు సరిపడా డబ్బైనా ఉండాలి. ఇప్పుడు మాకు ఇంకో చిక్కు ఏమిటంటే, టెలిగ్రామ్‌లో వచ్చిన కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌ను ప్రింటు తీయించుకునే బదులు ట్యాబ్‌లోనే గీతలు గీసుకొని చదివేవాళ్లు పెరిగారు.

హాస్టల్ వంటగదుల విషయంలో జాగ్రత్త. ఆ సరఫరా చూడటానికి పెద్దగా ఉంటుంది కానీ దాదాపు అంతా ఉద్దెర మీదే నడుస్తుంది. హాస్టల్ నడిపేవాళ్లు భవనాన్ని లీజుకు తీసుకున్నవాళ్లే తప్ప యజమానులు కారు. గదులు ఖాళీ అయితే బోర్డు మార్చేసి వెళ్లిపోతారు. పిల్లలు మాత్రం ఫోన్ చూపించి అప్పటికప్పుడే చెల్లిస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి.

ప్రధాన రహదారి మీద మడిగ అంటూ ఎవరైనా ఊరిస్తే తొందరపడకండి. మెట్రో పనులప్పుడు ఏళ్ల తరబడి బారికేడ్ల వెనక మగ్గిన దుకాణాలు, 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ – ఎంజీబీఎస్ మార్గం మొదలై చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ స్టేషన్లు తెరుచుకున్నాక కోలుకుంటాయని అనుకుంటే, నెలన్నర తిరగకముందే లాక్‌డౌన్ వచ్చిపడింది. 2023 ఆగస్టులో ఇందిరాపార్కు – వీఎస్టీ ఉక్కు వంతెన తెరిచాక అశోక్‌నగర్ మీదుగా పోయే బండ్లలో చాలా భాగం పైనుంచే వెళ్తున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగి నీళ్ల సీసా, నిమ్మసోడా కొనేవాడు ఇక ఆగడు. లోపలి సందులకు ఈ బాధ లేదు.

నల్లకుంట గిర్నీ

పై మిత్రుడు చెప్పినవి నిజమే అయినా, నేను చూసినంతలో అసలు విషయం యాప్‌లూ కాదు, వంతెనలూ కాదు. షట్టర్ ఎవరిది అన్నదే. మా వీధిలో మూతపడిన దుకాణాలను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకుంటే, వాటిలో గిరాకీ లేక మూసినవి తక్కువ. చేతినిండా పని ఉన్న టైలరు, పటాలు కట్టే ఆయన, గాజుల కొట్టు పెట్టుకున్న అక్కాచెల్లెళ్లు అందరూ అద్దెవాళ్లే. ఇల్లు కూలగొట్టగానే పోయారు. ఒకప్పుడు సైకిళ్లు అద్దెకిచ్చి, ఇప్పుడు పంక్చర్లు వేస్తూ కాలక్షేపం చేసే ముసలాయన మాత్రం నేటికీ ఉన్నాడు. ఆయన గిరాకీ చెప్పుకోదగ్గది కాదు, కానీ ఇల్లు సొంతం. మేమూ అలా మిగిలినవాళ్లమే. మా మామగారు గిర్నీని ఇంటి ముందు గదిలో పెట్టబట్టి మాకు నెల తిరిగేసరికి అద్దె అనే మాట లేదు.

గిర్నీ గురించి రెండు మాటలు చెప్పనివ్వండి, మీ నాన్నగారికి పనికిరావచ్చు. ప్యాకెట్ పిండి వచ్చినప్పుడు మా పని అయిపోయిందన్నారు. తరవాత షుగర్ ఉన్నవాళ్లు జొన్నలు, రాగులు తెచ్చి ఆడించుకోవడం మొదలుపెట్టారు. ఎండాకాలంలో ఆవకాయ రోజులు వస్తే కారానికీ ఆవపిండికీ వరస కడతారు. కారం ఆడించిన యంత్రంలో వెంటనే గోధుమలు పోస్తే ఎవరూ ఊరుకోరు కాబట్టి మేము కారానికి వేరే యంత్రం పెట్టుకున్నాం. పిండి రాళ్లకు గంట్లు కొట్టించే పనివాళ్లు అరుదైపోయినా వెతికి పిలిపిస్తాం, ఎందుకంటే గంట్లు అరిగిన రాయి పిండిని వేడెక్కించి మాడు వాసన తెస్తుంది. మనిషి ఎదురుగా నిలబడి తన గింజలే ఆడించుకున్నానన్న నమ్మకంతో తీసుకెళ్లే సరుకు ఇది. యాప్‌లో ఆ నమ్మకం అమ్మరు.

మీ కొట్లో అలాంటి సరుకు పూజా సామగ్రి అని నాకనిపిస్తుంది. వరలక్ష్మీవ్రతానికి ఏమేం కావాలో తెలియని కొత్త కోడలికి మీ నాన్నగారు లెక్కపెట్టి కట్టించే పొట్లం విలువ కర్పూరం ప్యాకెట్ మీద ముద్రించిన ధరలో ఉండదు. బిస్కెట్లు, సబ్బుల మీద మిగిలేది పదో వంతు కూడా ఉంటుందో లేదో. విడిగా తూచి ఇచ్చే సరుకులోనూ, ఇలా కూర్చి ఇచ్చే సామగ్రిలోనూ అంతకంటే ఎక్కువే మిగులుతుంది. కాబట్టి ఇప్పుడున్నంత పెద్ద మడిగ అవసరమా అన్నది ఆలోచించండి. సగం కొట్టు, సగం అద్దె, బేగంబజార్ నుంచి తెచ్చిన మంచి సరుకు చాలు. సగం సరుకు వదిలేస్తే మీ నాన్నగారికి బస్తాలు మోయించే బెడద కూడా తప్పుతుంది.

పద్దుల మాస్టారు

చిన్న వ్యాపారుల లెక్కలు రాయడమే నా వృత్తి. షట్టర్ ఎవరిదన్న మాట అక్షరాలా నిజం, దానికి చట్టపరమైన వివరం జోడిస్తాను.

మన దగ్గర మడిగలకు పదకొండు నెలల ఒప్పందాలు రాసుకోవడం ఊరికే రాలేదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును తప్పక రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చూ, ఆ బంధమూ వద్దనుకొని పదకొండు నెలలకు రాసుకుంటారు. అది కూడా తిరగరాయకుండా ఏళ్లు గడిపితే మీది నెలనెలా సాగే అద్దె కిందే లెక్క. వేరే రాతకోతలు లేనప్పుడు 1882 ఆస్తి బదిలీ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉన్నమాట నిజమే, కానీ అందులో అద్దె మొత్తానికి ఒక పరిమితి ఉంది. నేటి మడిగల అద్దెలు దాన్ని ఎప్పుడో దాటాయి కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఈ లెక్కన మీ యజమాని దసరా దాకా గడువిచ్చారంటే ఆయన మంచితనమే.

అయితే మంచితనం భవనం పూర్తయ్యేవరకు నిలుస్తుందన్న హామీ లేదు, పైగా కొత్త భవనంలో ఏ మడిగ బిల్డరు వాటాకు వస్తుందో, ఏది యజమాని వాటాకు వస్తుందో వాళ్ల డెవలప్‌మెంట్ ఒప్పందం తేలుస్తుంది. మీకు మాట ఇచ్చిన మడిగ ఆయన వాటాలో లేకపోతే ఆ మాటకు అర్థమే లేదు. కనుక ఆయన వాటాలోని మడిగనే ఇస్తారనీ, చదరపు అడుగులు ఇన్ననీ, అద్దె ఇంతనీ, ఏటా పెంపు ఇంత శాతమనీ, మీరు గతంలో ఇచ్చిన అడ్వాన్సును తిరిగి ఇస్తారా, కొత్తదానికి జమ కడతారా అన్నదీ కాగితం మీద రాయించుకోండి. పెద్దలు ఎప్పుడో పగిడీ కింద, అంటే మడిగ చేతికి రావడానికి అద్దె కాక ముందే ఇచ్చిన డబ్బు ఉంటే, రసీదు ఉందేమో పాత పెట్టెల్లో వెతకండి. లేకపోతే దాన్ని అడిగి మాట పోగొట్టుకోవడం దండగ.

ఇంకొకటి. చెల్లింపులు ఫోన్‌లోకి మారాక అమ్మకాల జాడ బ్యాంకులో స్పష్టంగా ఉంటోంది. 2025 జులైలో బెంగళూరులో చిన్న దుకాణదారులకు యూపీఐ వసూళ్ల ఆధారంగా జీఎస్టీ నోటీసులు వెళ్లిన సంగతి మీరు వినే ఉంటారు. సరుకులు అమ్మేవారికి కర్ణాటకలో రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలే. అంటే రోజుకు సగటున దాదాపు 5,500 రూపాయల అమ్మకం దాటితే మీరు దాని పరిధిలోకి వస్తారు, పన్ను లేని విడి బియ్యం, పప్పుల అమ్మకాన్ని కూడా ఆ మొత్తంలో కలపాలి. దాటినా భయపడాల్సిందేమీ లేదు. కోటిన్నర లోపు వ్యాపారానికి కాంపోజిషన్ అనే సులువు పద్ధతిలో అమ్మకం మీద ఒక్క శాతం కట్టి, మూడు నెలలకోసారి చలానా చెల్లిస్తే సరిపోతుంది. కొత్త చోట మొదలుపెట్టేముందే ఇది చూసుకోవాలి, ఎందుకంటే జీఎస్టీకి అయినా జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సుకు అయినా చిరునామా మార్పించాలి. లైసెన్సు రుసుము మడిగ వైశాల్యాన్నీ, ముందున్న రోడ్డు వెడల్పునూ బట్టి ఉంటుంది కాబట్టి గిర్నీవారు చెప్పినట్టు లోపలి సందులో చిన్న మడిగ ఇక్కడ కూడా లాభమే.

చిక్కడపల్లి కొట్టు

అందరికీ ధన్యవాదాలు. మీ సమాధానాలను నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. పూజా సామగ్రి, విడి సరుకు మాత్రమే ఉంచుకొని చిన్న మడిగ చూడటం ఆయనకు నచ్చింది, సబ్బులు వదిలేయడం మాత్రం నచ్చలేదు. కొట్టన్నాక సబ్బు లేకపోతే ఎలా అంటున్నారు. హాస్టల్ బాకీల పుస్తకం తీయమని చెప్పాను, అందులో ఒక హాస్టల్ పేరు రెండుసార్లు మారి ఉందట. యజమాని వాటాలో ఏ మడిగలు వస్తాయో అడగాలన్న ఆలోచన మా ఎవరికీ రాలేదు, ఈ ఆదివారం నాన్నగారు స్వయంగా వెళ్లి అడుగుతానన్నారు. నాకు మిగిలిన సందేహం ఒక్కటే: కుటుంబాలు ఇంకా ఎక్కువగా ఉన్న బాగ్‌లింగంపల్లి హౌసింగ్ బోర్డు క్వార్టర్ల వైపు వెళ్తే పూజా సామగ్రికి గిరాకీ మెరుగ్గా ఉంటుందా, లేక పాత ఖాతాదారులు అంత దూరం రాకుండా పోతారా?

నల్లకుంట గిర్నీ

పాత ఖాతాదారుల్లో పెద్దవయసు వాళ్లు రారు, వాళ్లకు రోడ్డు దాటడమే కష్టం. మిగతావాళ్లకు వాట్సాప్‌లో చీటీ పంపమని చెప్పి, సాయంత్రం ఒక్కసారి కుర్రవాడితో పంపండి. క్వార్టర్ల వైపు గుడికి దగ్గర్లో మడిగ దొరికితేనే వెళ్లండి, లేకపోతే మీ సందు చుట్టుపక్కలే చూడండి. శ్రావణం లోపు తెరవగలిగితే మొదటి సీజన్ చేజారదు.