ఎంట్రీ ఫీజు ఎంత పెట్టాలి, ప్రైజులు ఎవరికి పోవాలి? వరంగల్ వైపు వార్‌గేమ్ టోర్నీల అనుభవాలు

కోటగుమ్మం, హన్మకొండ

దసరా అయ్యాక ఒక ఆదివారం వార్‌హామర్ 40,000 (చిన్న బొమ్మల సైన్యాలు బల్ల మీద దించి, పాచికలు వేసి ఆడే యుద్ధం ఆట) టోర్నీ పెడదామనుకుంటున్నాం. పదహారు మంది దాకా వస్తారు. పోయినసారి మూడు రౌండ్లు ఆడించాం, ఆ లెక్క ఇక్కడే పెడుతున్నా, తిట్టాలనుకున్నవాళ్లు చూసి తిట్టండి.

మనిషికి 400 చొప్పున 6,400 వచ్చాయి. ఫంక్షన్ హాల్లో కింది చిన్న గదికి 2,500. భోజనాలు మా ఇద్దరితో కలిపి 18 ప్లేట్లు, ప్లేటు 120, అంటే 2,160. చాయ్, నీళ్ల క్యాన్లు 400. మిగిలింది 1,340. అందులో ఫస్ట్‌కు 800, సెకండ్‌కు 500 ఇచ్చాం. ఆ నలభై ఆటోకు పోయింది.

ఇప్పుడేమో ఇద్దరు ముగ్గురు పట్టుబట్టి కూర్చున్నారు. 800 ప్రైజుకు ఎవడొస్తాడు, ఫీజు 1,000 చేసి ఫస్ట్ ప్రైజు 5,000 పెట్టు, హైదరాబాద్ నుంచి కూడా దిగుతారు అని. మీ ఊళ్లలో ఎట్లా నడుస్తోంది?

బొగ్గుగని తమ్ముడు, గోదావరిఖని

అన్నా, మేము ఆ ముచ్చట తీర్చుకున్నాం. ఫీజు 1,000 పెట్టాం, ఫస్ట్ ప్రైజు బాగానే పెట్టాం. హైదరాబాద్ వాళ్లు నిజంగానే వచ్చారు. పొద్దున ట్రైన్ దిగి, సాయంత్రానికి మొదటి రెండు ప్రైజులు పట్టుకుని పోయారు. వాళ్లను తప్పు పట్టను, వారం వారం ఆడే చేతులవి. కానీ మా దగ్గర కొత్తగా మొదలుపెట్టిన పిల్లలు మొదటి రౌండులోనే మూడో టర్న్‌కు తుడిచిపెట్టుకుపోయారు. డబ్బు తమకు రాదని పదకొండు గంటలకే తేలిపోయింది. ఆ తర్వాత ఇంకో రెండు రౌండ్లు, ఆరు గంటలు, ఎందుకు నిలబడాలి? ఒకడు తిని ఇంటికి పోయాడు. వాడితో ఆడాల్సినవాడు ఖాళీగా కూర్చున్నాడు.

మళ్లీ పెట్టినప్పుడు ఫోన్ చేస్తే ఒక్కొక్కరికి ఒక్కో పెళ్లి ఉంది.

ఎలగందుల అన్న, కరీంనగర్

పెద్ద ప్రైజు పెడితే ఇంకో తంటా ఉంది. మనుషుల తీరు మారుతుంది. మామూలు ఆదివారం ఆటలో దూరం అర ఇంచు తక్కువైతే "పోనీ తీయ్" అనుకుంటాం. ఐదు వేలు బల్ల మీద ఉంటే టేపు తీసి, వంగి, ఒక కన్ను మూసి కొలుస్తారు. రెండు భోజనాల బల్లలు కలిపి ఆడుతున్నాం కదా, మధ్య సందులో పాచిక ఒకటి ఓరగా ఆగింది. ఆరు కనిపిస్తోందని ఒకరు, లేదు మళ్లీ వెయ్యాలని ఇంకొకరు. జడ్జి కోసం పిలుపులు. జడ్జి ఎవరు? అదే సమయానికి పెరుగు బకెట్ ఎత్తుకొస్తున్న నేను. ఇరవై నిమిషాలు పోయాయి.

అప్పట్నుంచి మా పద్ధతి ఇది. పాచిక బల్ల మీద కాదు, చిన్న ట్రేలో పడాలి. ట్రే బయట పడితే మాటే లేదు, మళ్లీ వెయ్యాల్సిందే. ట్రేలంటే ఏం లేదు, మిఠాయి డబ్బాల మూతల్లో ఫెల్ట్ గుడ్డ అతికించాం.

చెస్ నాన్న, కరీంనగర్

నాకు మీ బొమ్మల ఆట తెలియదు, మావాడు ఈ మధ్య పట్టుకున్నాడు. చెస్ టోర్నీలకు మాత్రం వాణ్ణి ఏళ్లుగా తిప్పుతున్నా. అక్కడి సంగతులు రెండు చెప్తా.

ఒకటి, ప్రైజులు పైనుంచి కిందికి ఒకే నిచ్చెనలా పెట్టరు. అండర్-8, అండర్-10, అమ్మాయిలు, పెద్దవయసు వాళ్లు, ఇట్లా ముక్కలు చేస్తారు. అర్జున్ ఎరిగైసి మన వరంగల్‌లో పుట్టినవాడే, 2024 డిసెంబర్ ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్ జాబితాలో 2800 దాటాడు. అంత ఆట అందరికీ వస్తుందా? రాదు. అయినా ఆదివారం పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని అంతమంది తల్లిదండ్రులు వస్తున్నారంటే, తమ పిల్లాడికీ ఏదో ఒక వరసలో ఒక కప్పు దొరికే దారి కనిపిస్తుంది కాబట్టే. ఫిడే రేటింగ్ ఉన్న టోర్నీకైతే కప్పు రాకపోయినా సరే, రేటింగ్ వస్తే చాలనుకుని ఎక్కువ ఫీజు కడతాం. మీకు అలాంటిది లేదు, ఆ ఫీజులతో పోల్చుకోకండి.

రెండు, మీ లెక్కలో ఒక చిక్కు కనిపిస్తోంది. పదహారు మందికి మూడు రౌండ్లు స్విస్ పద్ధతిలో (ఓడినా ఎవరూ ఇంటికి పోరు, సమానంగా గెలిచినవాళ్లను జతకలుపుతారు) ఆడిస్తే చివరికి ఓడనివాళ్లు ఇద్దరు మిగులుతారు. 16 నుంచి 8, 8 నుంచి 4, 4 నుంచి 2. నాలుగో రౌండు ఉంటేనే ఒక్కడు తేలుతాడు. పోయినసారి 800, 500 ఎట్లా పంచారు?

కోటగుమ్మం

పాయింట్లు చూసి పంచాం సార్. ఇద్దరూ మూడు గెలిచారు. ఒకతను మొత్తం మీద నాలుగు పాయింట్లు ఎక్కువ. రెండో అతను ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు, ఎందుకంటే ఆ తేడా రంగుల దగ్గర వచ్చింది. మా ఆటలో ఒక్కో గేమ్‌కు ఉండే వంద పాయింట్లలో పది, ఆర్మీ మొత్తానికి రంగులేసి ఉంటే ఇస్తారు. అతనివి సగం బూడిద ప్లాస్టిక్ బొమ్మలే.

నిట్ హాస్టల్

ఆ సగం బూడిద బొమ్మల మనిషి పక్షాన ఒక మాట. రంగుల పది పాయింట్లు రూల్ బుక్‌లో ఉన్నాయి, నిజమే. కానీ హాస్టల్ గదిలో ముగ్గురం ఉంటాం, రంగుకు ముందు వేసే ప్రైమర్ స్ప్రే కొడితే వార్డెన్ వస్తాడు. ఇక రెండు వేల పాయింట్ల ఆర్మీ (ఇవి గెలుపు పాయింట్లు కావు, ఒక్కో బొమ్మకు ఇన్ని అని ఆర్మీ సైజు కొలిచేవి) కొత్తది కొనాలంటే ముప్పై నలభై వేలు. నాది సీనియర్ వదిలేసి పోయింది కొంత, రెసిన్ 3డీ ప్రింటర్‌లో తీసినవి కొంత. వార్‌హామర్ తయారుచేసే కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ సొంత దుకాణాల్లో ఆడాలంటే వాళ్ల బొమ్మలే కావాలంటారు. మనకు ఆ దుకాణమే లేనప్పుడు ఆ పట్టింపు ఎందుకు?

ఫీజు గురించి అడిగారు కాబట్టి: 400 ఇస్తాం. 1,000 అంటే మా గదిలో ఎవరూ రారు.

పొనికి చెక్క, నిర్మల్

రంగులకు ఆటలో పాయింట్లు తీసేసి, వేరే ప్రైజు పెట్టండి. నేను నిర్మల్ వాణ్ణి కాబట్టి ఈ విషయంలో నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటా. పొనికి చెక్కతో బొమ్మలు చేసే ఊరు మాది. ఇక్కడ తేలికైన ఆ చెక్క ముక్కలు తెచ్చి నేను ఆట బల్ల మీద పెట్టే గోడలు, బురుజులు చెక్కుతుంటా.

మధ్యాహ్నం భోజనాలప్పుడు బొమ్మలన్నీ ఒక బల్ల మీద వరసగా పెట్టించండి. పేర్లుండకూడదు, నంబర్లే. ఆడేవాళ్లంతా చీటీ వేయాలి, ఎవరి ఓటు వాళ్లకు వేసుకోకూడదు. నేను చూసినచోట ఈ ప్రైజు గెలిచిన ఆయన ఆటలో మాత్రం ఒక్క రౌండూ గెలవలేదు, కానీ ఫొటోలకు అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు.

ఒక మనవి. భోజనం ముందో తర్వాతో పెట్టండి, కలిపి వద్దు. బగారా అన్నం తిన్న చేత్తో ఎవరో నా గుర్రపు దళాన్ని ఎత్తి చూశారు. వార్నిష్ మీద ఆ నూనె మరక ఇంకా ఉంది.

కాగితం సైన్యం, జగిత్యాల

అందరూ వార్‌హామర్ దగ్గరే ఆగిపోయారు. మేము డీబీఏ ఆడతాం, పాతకాలపు యుద్ధాలది, 1990లో వచ్చిన ఆట. ఒక్కో సైన్యానికి పన్నెండు దళాలే. రెండడుగుల చదరం బల్ల చాలు, గంటలో ఆట అయిపోతుంది. ఒక రోజులో ఐదు రౌండ్లు తీరిగ్గా ఆడొచ్చు. ఏనుగులున్న మన దేశపు సైన్యాలు ఒకవైపు, ఢిల్లీ సుల్తాను గుర్రాలు ఇంకోవైపు పెట్టి కాకతీయుల లెక్కన ఆడుతుంటాం.

సైన్యం ఖర్చు? జిరాక్స్ సెంటర్లో మందం కాగితం మీద కలర్ ప్రింట్లు, కత్తెర, ఫెవికాల్. ఫ్యాన్ గాలికి ఎగిరిపోతున్నాయని హార్డ్‌వేర్ షాపులో ఇనుప వాషర్లు తెచ్చి అడుగున అతికించాం. ఒక్కో దళం కింద రెండు. ఇప్పుడు ఫ్యాన్ ఐదులో పెట్టినా కదలవు. ఎవరిదో ఇంటి డాబా మీద ఆడతాం కాబట్టి హాలు కిరాయి లేదు. ఫీజు వంద, అది చాయ్ సమోసాలకు. క్యాష్ ప్రైజు లేనే లేదు. గెలిచినవాడు వచ్చేసారి ఏ రెండు సైన్యాలు దిగాలో చెప్తాడు, అదే ప్రైజు. దానికోసమే కొట్టుకుంటారంటే నమ్మండి.

వకీల్, సుబేదారి

క్యాష్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, భయపెట్టడానికి కాదు. తెలంగాణ గేమింగ్ చట్టం 1974 నాటిది. దాన్ని 2017లో సవరించారు. ఆన్‌లైన్ రమ్మీని దృష్టిలో పెట్టుకుని, నైపుణ్యం ఆటలే అయినా డబ్బు పందెం ఉంటే కుదరదన్నట్టు బిగించారు. చెస్, క్యారమ్ టోర్నీలు ఎంట్రీ ఫీజు తీసుకుని ఊరూరా జరుగుతున్నాయి, వాటి జోలికి ఎవరూ రారు. కానీ మీ దగ్గర బల్ల నిండా పాచికలుంటాయి. బయటి మనిషి కంటికి ముందు కనిపించేది అవే.

నా సలహా ఏంటంటే, ఫీజు దేనికో రసీదులోనే రాయండి: హాలు, భోజనం. ప్రైజు వస్తు రూపంలో ఉండాలి, అది కూడా వేరే ఎవరైనా ఇచ్చిందైతే మేలు. ఫీజు డబ్బు కుప్పగా పోసి గెలిచినవాడి చేతిలో పెట్టే పద్ధతి మాత్రం వద్దు.

చెస్ నాన్న

ఇంకోటి వకీల్ సార్. పదివేలు దాటిన క్యాష్ ప్రైజుకు 30 శాతం టీడీఎస్ కోసి ఇస్తారు మాకు. వీళ్లకు ఆ అదృష్టం ఇంకా రాలేదులెండి.

కోటగుమ్మం

పాచికల మాట నిజమే వకీలన్నా. పోయినసారి వాచ్‌మన్ కిటికీలోంచి చూసి ఓనర్‌కు ఫోన్ కొట్టాడు. ఆయన బండేసుకుని వచ్చాడు. చిన్న చిన్న ట్యాంకులు, రాక్షసులు చూసి, "ఇంత వయసొచ్చి బొమ్మలా?" అని నవ్వి, చాయ్ తాగి పోయాడు.

బొగ్గుగని తమ్ముడు

ఆఖరి స్థానానికి కూడా ఏదో ఒకటి పెట్టన్నా. ఇంగ్లండ్ టోర్నీల్లో చివర వచ్చినవాడికి చెక్క గరిటె ఇచ్చే ఆనవాయితీ ఉంది. మేము సంతలో అన్నం కలిపే తెడ్డు కొని, దాని మీద తేదీ రాసి ఇచ్చాం. ఖర్చు తక్కువ, గోల ఎక్కువ. అన్నీ ఓడినవాడు కూడా చివరి రౌండు దాకా ఉన్నాడు. తెడ్డు కోసం అవతలివాడితో పోటీపడి మరీ ఓడాడు, అది వేరే కథ.

ఎలగందుల అన్న

కోటగుమ్మం తమ్ముడూ, రౌండ్ల చిక్కుకు ఒక దారి ఉంది. రెండు వేల పాయింట్లు వదిలేయ్, వెయ్యి పాయింట్లతో పెట్టు. ఆట రెండు గంటల్లో అయిపోతుంది, నాలుగు రౌండ్లు పడతాయి. తొమ్మిదింటికి మొదలుపెడితే భోజనం, చాయ్ పోను ఆరున్నరకల్లా ఒక్కడే గెలిచి ఉంటాడు. నిట్ పిల్లలు కూడా సగం ఆర్మీతో రాగలుగుతారు. ఆర్మీకి అంత ఖర్చుపెట్టినవాణ్ణి 400, 500 తేడా ఆపదు. అసలు ఆర్మీయే లేనివాణ్ణి ఆపుతుంది.

ట్రోఫీ నేనిస్తా. పెంబర్తి ఇత్తడి రేకు పని ఒకటి ఇంట్లో ఖాళీగా ఉంది.

హైదరాబాద్ బండి, కాజీపేట

అందరూ మంచివాళ్లే అయిపోయారు ఇక్కడ. నేనొక్కణ్ణే చెడ్డవాణ్ణి అనుకోండి, నాకు క్యాష్ ప్రైజు ఇష్టం. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఆదివారం ఇంటికొచ్చి ఆడుతున్నా. ఏడాదిపాటు ప్రాక్టీస్ చేసి గెలిస్తే తెడ్డు, రేకు అంటే మనసు రాదు. కనీసం ఫీజన్నా వెనక్కి రావాలి గెలిచినవాడికి. అడ్వాన్స్ కట్టి రానివాళ్ల డబ్బు తిరిగివ్వకండి, అందులోంచి ఇవ్వొచ్చు.

కోటగుమ్మం

ఇది బాగుంది. గెలిచినవాడికి వచ్చే టోర్నీలో ఎంట్రీ ఫ్రీ. చేతికి డబ్బు ఇవ్వం, వకీలన్న కూడా ఏమనడు.

లెక్క మళ్లీ వేశా. మామూలు ఫీజు 400, విద్యార్థులకు 250. పది మంది, ఆరుగురు అనుకుంటే 5,500. హాలు, భోజనం, చాయ్ పోయినసారిలాగే 5,060. మిగిలే 440లో ఒక తెడ్డు, రంగుల ప్రైజుకు రెండు మంచి బ్రష్‌లు. వెయ్యి పాయింట్లు, నాలుగు రౌండ్లు, రంగుల పది పాయింట్లు ఈసారికి అందరికీ ఇచ్చేస్తున్నాం. వారం ముందు దాకా రద్దు చేసుకుంటే డబ్బు వాపస్, ఆ తర్వాత ప్లేట్లు చెప్పేస్తాం కాబట్టి కుదరదు. బేసి సంఖ్య వస్తే నేను దిగుతా, నాకు ప్రైజు లెక్క లేదు. ఫోన్‌పే చేసినవాళ్లు ఏ ఆర్మీయో కూడా రాయండి.

నిట్ హాస్టల్

మేము నలుగురం ఖాయం. ఐదోవాడు వస్తానంటున్నాడు, ఆర్మీ లేదు. ఎవరి దగ్గరైనా వెయ్యి పాయింట్లది అదనంగా ఉందా?

బొగ్గుగని తమ్ముడు

నా దగ్గర ఓర్క్‌ల (రాక్షసుల) ఆర్మీ ఉంది. ఇద్దరికి చేతులు ఊడిపోయాయి, చేతులు డబ్బాలోనే ఉన్నాయి. ఫెవిక్విక్ వాణ్ణే తెచ్చుకోమను.