4,000 పౌండ్లు లాగే చిన్న పికప్‌కు 4,200 పౌండ్ల ట్రైలర్ కడితే గేర్‌బాక్స్ నిలుస్తుందా?

పొలంబాట (ఉత్తర టెక్సస్):

అందరికీ నమస్కారం. నేనూ మా తోడల్లుడుగారూ కలిసి ఒక చిన్న ట్రాక్టరు కొన్నాము. మా పొలం బోన్‌హామ్ దగ్గర, ఆయన పొలం డెకేటర్ దగ్గర ఉండటం వల్ల నెలకు రెండుసార్లు దాన్ని ట్రైలర్ మీద ఎక్కించి 380వ నంబరు రహదారి మీదుగా అటూ ఇటూ చేర్చవలసి వస్తోంది. దూరం దాదాపు వంద మైళ్లు. ముందు బకెట్, కింద గడ్డి కోసే డెక్‌తో కలిపి ట్రాక్టరు 2,400 పౌండ్లు, ట్రైలర్ 1,800 పౌండ్లు, మొత్తం 4,200 పౌండ్లని కాగితాల మీద లెక్క వేసుకున్నాను. మిగతా రోజుల్లో ఆఫీసుకు వెళ్లేది కూడా అదే బండిలో కాబట్టి పెద్ద పికప్ వద్దనుకుంటున్నాము.

ప్రస్తుతం రెండు పాత బండ్లు చూశాను. ఒకటి 2023 ఫోర్డ్ మావెరిక్, 2.0 లీటర్ల టర్బో ఇంజిన్, నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం; ఇది 4,000 పౌండ్లు లాగుతుందని అమ్మకందారు చెబుతున్నాడు. రెండవది 2008 నిస్సాన్ ఫ్రాంటియర్, వి6 ఆటోమేటిక్. దీని సామర్థ్యం 6,000 పౌండ్లకు అటూ ఇటూగా ఉంది, ధర కూడా చాలా తక్కువ. మావెరిక్ విషయంలో 200 పౌండ్ల తేడాకే గేర్‌బాక్స్ దెబ్బతింటుందా, లేక కంపెనీవాళ్లు ఆ అంకెలో కొంత వెసులుబాటు ఉంచే ఉంటారా? మేము వెళ్లినప్పుడల్లా పిల్లలతో కలిపి నలుగురం ఉంటాము.

గేర్‌బాక్స్ మేస్త్రి:

పొలంబాటగారూ, ముందుగా ఆ మావెరిక్‌కు 4,000 పౌండ్ల టోయింగ్ ప్యాకేజీ ఉందో లేదో నిర్ధారించుకోండి. అదే టర్బో ఇంజిన్, అదే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఉన్నా, ప్యాకేజీ లేని బండి సామర్థ్యం 2,000 పౌండ్లు మాత్రమే. ప్యాకేజీతో ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) ఆయిల్ కూలర్, శక్తి ఎక్కువున్న రేడియేటర్ ఫ్యాన్, వేరే ఫైనల్ డ్రైవ్ (చక్రాలకు శక్తి అందించే చివరి గేర్ల జత) నిష్పత్తి వస్తాయి. వెనుక హిచ్ (ట్రైలర్‌ను తగిలించే అమరిక) కనిపించింది కదా అని నమ్మకండి. హిచ్‌ను ఎవరైనా తరువాత బిగించుకోవచ్చు, ఫైనల్ డ్రైవ్‌ను అలా మార్చుకోలేరు.

ఇక వెసులుబాటు సంగతి. అమెరికాలో చాలా కంపెనీలు ఈ అంకెలను వాహన ఇంజినీర్ల సంఘమైన ఎస్.ఎ.ఇ. వారి జె2807 ప్రమాణం ప్రకారం నిర్ణయిస్తాయి. అందులో ఒక పరీక్ష అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఎగువ దారిలో జరుగుతుంది: 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో, ఏసీ పూర్తిగా నడుస్తుండగా, పదకొండు మైళ్లకు పైగా ఉన్న ఆ ఎత్తును గంటకు 40 మైళ్ల వేగానికి తగ్గకుండా ఎక్కాలి. కాబట్టి మీ చదును దారిలో ఆ అంకె మరీ బిగుతుగా ఉండదన్న మాట నిజమే. కానీ ఆ పరీక్షలో బండిలో ఉండేది ఒక్కొక్కరు 150 పౌండ్ల చొప్పున ఇద్దరే. మీ నలుగురూ కలిసి 560 పౌండ్లనుకుంటే అదనంగా 260, డీజిల్ డబ్బాలూ పనిముట్లూ మరో 200, వెరసి 460 పౌండ్లు మీ లాగే సామర్థ్యంలోంచే తగ్గుతాయి. అంటే ప్యాకేజీ ఉన్న మావెరిక్‌కు కూడా మిగిలేది 3,540. మీరు అనుకుంటున్న 200 పౌండ్ల తేడా నిజానికి 660.

గేర్‌బాక్స్‌ను చంపేది బరువు కాదు, బరువు వల్ల పుట్టే వేడి. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) లాక్ కాకుండా జారుతూ తిరిగినంతసేపూ ఇంజిన్ శక్తిలో కొంత భాగం నేరుగా ఆయిల్‌లోకి వేడిగా దిగుతుంది. 380 మీద సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి కదలడం, చిన్న ఎత్తు వచ్చినప్పుడల్లా పై గేర్‌కూ కింది గేర్‌కూ మధ్య ఊగిసలాడటం, ఈ రెండూ అందుకు దారితీస్తాయి. ఆయిల్ వేడి 175 నుంచి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే దిగులు లేదు. ఆ పైన పెరిగే ప్రతి 20 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది మా వృత్తిలో చాలాకాలంగా ఉన్న మోటు లెక్క. మాడిన ఆయిల్ సీళ్లను గట్టిపరుస్తుంది, ఒత్తిడి తగ్గి క్లచ్ ప్లేట్లు జారుతాయి, ఆ జారుడు మళ్లీ వేడిని పుట్టిస్తుంది. అందుకే టో మోడ్ (ట్రైలర్ లాగేటప్పుడు గేర్లు ఊగిసలాడకుండా చూసే అమరిక) ఉన్న బండిలో దాన్ని తప్పక వాడమని అడిగినవారందరికీ చెబుతుంటాను.

ఫ్రాంటియర్ గురించి మరింత జాగ్రత్తగా ఆలోచించండి. 2005 నుంచి 2010 వరకు వచ్చిన ఆటోమేటిక్ ఫ్రాంటియర్‌లలో ట్రాన్స్‌మిషన్ కూలర్ రేడియేటర్ లోపలే ఉంటుంది. అది లోపల చిట్లితే కూలెంట్ (రేడియేటర్‌లోని చల్లబరిచే ద్రవం) ఆయిల్‌లో కలిసి గులాబీ రంగు నురగలా మారుతుంది. అమెరికాలో యజమానులు దాన్ని స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్ అని పిలవడం ఆ రంగు వల్లనే. కూలెంట్‌లోని గ్లైకాల్ క్లచ్ ప్లేట్ల మీది పూతను అంటించిన జిగురును విడదీస్తుంది కాబట్టి, ఒకసారి కలిసిన తరువాత ఆయిల్ మార్చినంత మాత్రాన గేర్‌బాక్స్ దక్కుతుందని చెప్పలేము. కంపెనీ ఆ రేడియేటర్ల వారంటీని పొడిగించింది గాని, 2008 బండికి ఇప్పుడది వర్తించదు. రేడియేటర్ ఎప్పుడు మార్చారో, లేదా లోపలి కూలర్‌ను తప్పించి బయట వేరే కూలర్ పెట్టారో రసీదుతో సహా చూపిస్తేనే ఆ బండి గురించి మాట్లాడండి.

సరస్సు ఒడ్డు:

మేస్త్రిగారి మాటకు కొనసాగింపుగా మరికొన్ని బండ్ల సంగతి చెబుతాను. నేను చిన్న పడవను లాగుతుంటాను కాబట్టి కొనేముందు ఇవన్నీ చూశాను. టర్బో ఇంజిన్ ఉన్న హ్యుండయ్ శాంటా క్రూజ్ 5,000 పౌండ్లు లాగుతుంది, కానీ అందులో ఉన్నది టార్క్ కన్వర్టర్‌కు బదులు ఆయిల్‌లో తడిసే రెండు క్లచ్‌లుండే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. రహదారి మీద అది చక్కగా నడుస్తుంది. బరువుతో, ఏటవాలులో, అంగుళం అంగుళం వెనక్కి జరపవలసి వచ్చినప్పుడు మాత్రం టార్క్ కన్వర్టర్ చేసే పనిని క్లచ్‌లే జారుతూ చేయాలి. మీరు పొలం గేటు దగ్గర ట్రైలర్‌ను వెనక్కి తిప్పుకునే మనిషైతే దీన్ని పట్టించుకోవాలి. మావెరిక్ హైబ్రిడ్‌లో ఉన్నది ఇ-సీవీటీ. మామూలు సీవీటీ గేర్లకు బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్; దీని పేరులో సీవీటీ ఉన్నా బెల్టు ఉండదు, ప్లానెటరీ గేర్లూ రెండు మోటార్లూ ఉంటాయి. నిర్మాణం సరళమైనదే గాని 2023 మోడల్ లాగగలిగేది 2,000 పౌండ్లే కాబట్టి మీకు పనికిరాదు.

పొలంబాట:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మావెరిక్‌కు ప్యాకేజీ లేదని తేలింది. ఫ్రాంటియర్ యజమాని దగ్గర రేడియేటర్ రసీదు లేదు. శనివారం ఒక మిత్రుడి పెద్ద పికప్‌కు ట్రైలర్ కట్టి ట్రక్ స్టాపులో కాటా వేయించాను. గొలుసులు, అదనపు చక్రం కలుపుకొని 4,460 పౌండ్లు తూగింది. అందులో హిచ్ మీద పడుతున్నది 520. ఇప్పుడు నాలుగు చక్రాలకూ శక్తి అందే హోండా రిడ్జ్‌లైన్, టోయింగ్ ప్యాకేజీ ఉన్న 2016–2023 మధ్య టయోటా టకోమా వి6, ఈ రెండింటి మధ్య ఆలోచిస్తున్నాను. 6,400 పౌండ్లకు పైగా లాగుతుంది కదా, టకోమాయే నయమనిపిస్తోంది.

గేర్‌బాక్స్ మేస్త్రి:

కాటా వేయించి మంచి పని చేశారు. 520 అంటే మొత్తంలో ఉండవలసిన 10 నుంచి 15 శాతం మధ్యనే ఉంది కాబట్టి ట్రైలర్ ఊగే ప్రమాదం తక్కువ. అయితే ఆ 520, మీ నలుగురి 560, సామాను 200 కలిపితే 1,280 పౌండ్లు బండి మీదే పడతాయి. మనుషులూ సామానూ కలిపి బండి ఎంత బరువు మోయవచ్చో చెప్పే పసుపు తెలుపు స్టిక్కర్ డ్రైవర్ తలుపు అంచున ఉంటుంది, చూడండి: నాలుగు తలుపుల టకోమాల్లో చాలావాటికి ఆ పరిమితి 1,280కి లోపే ఉంటుంది. రిడ్జ్‌లైన్‌లో అది 1,500కు దగ్గరగా ఉంటుంది, కానీ దాని లాగే సామర్థ్యం 5,000 పౌండ్లలోంచి ఇందాకటి 460 తీసేస్తే 4,540 మిగులుతుంది. అంటే మీకు ఉన్న ఖాళీ 80 పౌండ్లే.

నన్నడిగితే రిడ్జ్‌లైన్ తీసుకుని, ట్రాక్టరు కట్టిన రోజున పిల్లలనూ సామానునూ ఇంకో కారులో పంపండి. అప్పుడు 540 పౌండ్ల ఖాళీ ఉంటుంది. టెక్సస్ చట్టం 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కే బ్రేకులు ఉండాలంటుంది గాని, మీది ఆ గీతకు 40 పౌండ్ల దూరంలో ఉంది. ట్రైలర్‌కు ఎలక్ట్రిక్ బ్రేకులు, బండిలో వాటి కంట్రోలర్ లేకుండా బయలుదేరవద్దు.

పొలంబాట:

పిల్లలు మా ఆవిడ కారులో వస్తారు. ఈ వారం డెంటన్‌లో ఒక రిడ్జ్‌లైన్ చూడబోతున్నాను. తలుపు స్టిక్కర్ ఫొటో పంపమని అమ్మేవారిని ఇప్పటికే అడిగాను. కొన్నాక ఓబీడీ రీడర్ (బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) పెట్టి, ఆగస్టు ఎండలో 380 మీద ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ఎంత వేడెక్కిందో ఇక్కడే రాస్తాను.