వెండితెర నవలను మూల నవలల పక్కన పెట్టి తూచవచ్చా? (జేమ్స్ బాండ్: ఫ్లెమింగ్, వుడ్, గార్డ్‌నర్)

పాతపుటలు అడిగిన ప్రశ్న:

ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన జేమ్స్ బాండ్ పుస్తకాలను, 1953 నాటి ‘కేసినో రాయల్’ మొదలుకొని ఆయన పోయాక 1965, 1966లలో వెలువడిన వాటి దాకా, వరుసగా చదివి ముగించి, ఇప్పుడు సినిమా స్క్రిప్టుల నుంచి పుట్టిన వెండితెర నవలల దగ్గరికి వచ్చాను. మొదట తీసుకున్నది 1977లో సినిమాతో పాటు వచ్చిన క్రిస్టఫర్ వుడ్ పుస్తకం. ‘ద స్పై హూ లవ్డ్ మీ’ పేరుతో ఫ్లెమింగ్ నవల 1962లోనే ఉంది కనుక, వుడ్ పుస్తకం పేరుకు ముందు ‘జేమ్స్ బాండ్’ అని చేర్చారు.

చదువుతున్నంతసేపూ బాగానే సాగింది. పుస్తకం మూశాక దీన్ని దేనితో పోల్చాలో తోచలేదు. ఫ్లెమింగ్ నవలను చెప్పేది వివియెన్ మిషెల్ అనే కెనడా యువతి. అందులోని మూడు భాగాలకు ‘నేను’, ‘వాళ్ళు’, ‘అతను’ అని పేర్లు. మూడో భాగం వచ్చేదాకా బాండ్ జాడే ఉండదు. అమెరికాలోని ఆడిరాండాక్ కొండల్లో ఆ ఏటికి మూసేస్తున్న ఒక మోటెల్, దాన్ని తగలబెట్టడానికి వచ్చిన ఇద్దరు దుండగులు, అక్కడ చిక్కుకుపోయిన ఒక అమ్మాయి, ఇంతే అక్కడి ప్రపంచం. సినిమాలోనేమో అణు జలాంతర్గాములు మాయమవుతాయి, భూమి మీది నాగరికతను తుడిచిపెట్టి సముద్రం అడుగున కొత్త లోకం కట్టాలనుకునే ఓడల కోటీశ్వరుడు స్ట్రోమ్‌బర్గ్ ఉంటాడు. ఆ నవల నుంచి పేరు తప్ప మరేమీ తీసుకోకూడదన్నది ఫ్లెమింగే పెట్టిన షరతు కనుక, ఈ తేడాకు సినిమావాళ్ళనూ తప్పుపట్టలేం.

అందుచేత నా సందేహం ఇది. మూలంతో కథాసంబంధం ఏమాత్రం లేని వెండితెర నవలను ఫ్లెమింగ్ తక్కెడలో వేసి తూచడం న్యాయమా? లేక సినిమాను కాగితం మీద ఎంత చక్కగా నిలబెట్టింది అన్నంతవరకే చూడాలా? ఇద్దరినీ చదివినవారు చెబితే సంతోషిస్తాను.

నాలుగోపేజీ ఇచ్చిన జవాబు:

తూచవచ్చు, తూచి తీరాలి అని కూడా అంటాను. బాండ్ పేరు పెట్టుకుని అచ్చయిన నవలను ఆ పేరును పుట్టించినవాడి పక్కన నిలబెట్టకపోతే, దాన్ని సినిమా టికెట్టుతో పాటు అమ్మిన జ్ఞాపికగా జమకట్టినట్టే అవుతుంది. అయితే తూనికరాయిగా కథను వాడకూడదు. ఫ్లెమింగ్ గొప్పదనం కథల్లో ఎన్నడూ లేదు. ఆయన కథల్లో సగం అతకవు. ఏం జరిగింది అన్నదాని కంటే, జరిగేటప్పుడు బాండ్ కళ్ళకు ఏం కనబడింది, అతని ఒంటికి ఎంత ఖర్చయింది అన్నవాటి మీదనే ఆయన పుట నిలబడుతుంది.

‘మూన్‌రేకర్’ నవలను (1955) ఉదాహరణగా తీసుకుందాం. సోమవారం మొదలై శుక్రవారానికి ముగిసే ఆ కథ ఇంగ్లండు దాటి వెళ్ళదు. మొదటి భాగమంతా ఆఫీసు పని, ఒక పేకాట. బాండ్ ఏడాదికి రెండు మూడు సార్లు మాత్రమే ప్రమాదకరమైన పని మీద వెళ్తాడనీ, మిగతా రోజులన్నీ బల్ల ముందు ఫైళ్ళతో గడుపుతాడనీ, ఏటా 1,500 పౌండ్ల జీతం తీసుకుంటాడనీ, నలభై అయిదేళ్ళకు ఆ ప్రత్యేక విభాగం నుంచి తప్పుకోవలసి ఉంటుందనీ అక్కడ తెలుస్తుంది. ఆ తరువాత బ్లేడ్స్ క్లబ్బులో బ్రిడ్జి ఆట. దేశమంతా నెత్తిన పెట్టుకున్న సర్ హ్యూగో డ్రాక్స్ పేకలో మోసం చేస్తున్నాడని బాండ్ పై అధికారి ఎమ్‌కు అనుమానం. డ్రాక్స్ ముందు బల్ల మీద నున్నగా మెరిసే వెండి సిగరెట్టు పెట్టె ఉంటుంది. పంచడం అతని వంతు వచ్చినప్పుడు ముక్కలన్నీ ఆ పెట్టె మీదుగా జారుతాయి, వాటి నీడలు అందులో అతనికి కనబడతాయి. ఆ ఒక్క వస్తువును ఫ్లెమింగ్ మన కళ్ళ ముందు పెట్టి, మనమే కనిపెట్టినంత నిదానంగా విప్పుతాడు. బాండ్ షాంపేనులో మత్తును అణిచే బెంజెడ్రిన్ అనే ఉత్తేజకం పొడి కలుపుకుని, తాగి తూలుతున్నవాడిలా నటించి, ముందే పేర్చి తెచ్చిన పేకను దింపేసరికి, ఎవరూ తుపాకీ ఎత్తకుండానే మనకు ఊపిరి ఆడదు. తరువాత డ్రాక్స్ దగ్గర మారువేషంలో పనిచేసే పోలీసు యువతి గాలా బ్రాండ్‌తో కలిసి గాలిగొట్టంలో దాక్కున్నప్పుడు వాళ్ళ మీదకు మరిగే ఆవిరి వదులుతారు, ఇద్దరి ఒళ్ళూ నిజంగా కాలుతాయి.

ఇప్పుడు వుడ్ దగ్గరికి వద్దాం. ఆ సినిమా స్క్రిప్టును రిచర్డ్ మైబామ్‌తో కలిసి రాసినవాడే ఆయన కనుక, తన సరుకునే తిరగరాశాడు. చిత్రమేమిటంటే, నవలగా మార్చేటప్పుడు ఆయన స్క్రిప్టు వైపు కాక ఫ్లెమింగ్ వైపు నడిచాడు. తెర మీద సోవియట్ గూఢచారి విభాగం అధిపతి జనరల్ గొగోల్ ఉన్నచోట పుస్తకంలో నికితిన్ ఉంటాడు. ఈ పేరు ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ (1957) చదివినవారికి గుర్తుంటుంది. ఫ్లెమింగ్ స్వయంగా పక్కకు నెట్టేసిన స్మెర్ష్ అనే సోవియట్ హంతక సంస్థను వుడ్ మళ్ళీ నిద్రలేపాడు. సినిమాలో లేని చిత్రహింస ఘట్టం ఒకటి పుస్తకంలో ఉంది. అది ‘కేసినో రాయల్’లోని హింసకు వారసురాలని చదవగానే తెలుస్తుంది.

ఉక్కుపళ్ళ రాక్షసుడు జాస్ విషయంలో వుడ్ చేసిన పని నాకు అన్నింటికంటే నచ్చింది. తెర మీద అతను ఎక్కడి నుంచి వచ్చాడో తెలియదు, తెలియనవసరమూ లేదు. పుస్తకంలో అతనికి పోలండు దేశపు పేరు ఉంది, పుట్టిన ఊరు ఉంది. జైల్లో పోలీసులు కొట్టిన దెబ్బలకు దవడ మళ్ళీ అతకనంతగా నుజ్జవుతుంది. తప్పించుకుని స్ట్రోమ్‌బర్గ్ ఓడలో దాక్కుంటాడు. ఆ తరువాతే శస్త్రచికిత్సలు, ఉక్కు దవడ, శాశ్వతంగా పోయిన మాట. తన దుర్మార్గుల ఒంట్లో ఏదో ఒక విరుపును పెట్టి, దానికి ఒక చరిత్ర రాయడం ఫ్లెమింగ్ పద్ధతి. వుడ్ దాన్ని అనుకరణలా కాకుండా అర్థం చేసుకుని వాడాడు. 1979 నాటి ‘మూన్‌రేకర్’ సినిమాలో జాస్ ప్రేమలో పడి, చివర్లో నోరు తెరిచి ఒక మాట మాట్లాడతాడు. పుస్తకం చదివినవాడికి ఆ దృశ్యం మింగుడు పడదు.

వెన్నెలగట్టు ఇచ్చిన జవాబు:

నాలుగోపేజీ గారు చెప్పినదానిలో చాలావరకు ఒప్పుకుంటాను. వుడ్ ఫ్లెమింగ్ వైపు నడవడమే ఆయన విజయమన్న మాట దగ్గర మాత్రం నేను ఆగిపోతున్నాను. మూలానికి విధేయత ఒక్కోసారి వెండితెర నవలను ముంచేస్తుంది.

జాన్ గార్డ్‌నర్ రాసిన ‘లైసెన్స్ టు కిల్’ (1989) చూడండి. గార్డ్‌నర్ 1981 నుంచి కొత్త బాండ్ నవలలు రాస్తున్నాడు. ఫ్లెమింగ్ పుస్తకాల్లో జరిగినదంతా ఆ నవలల్లో జరిగినట్టే లెక్క. సినిమావాళ్ళేమో 1954 నాటి ‘లివ్ అండ్ లెట్ డై’ నవలలో బాండ్ అమెరికా స్నేహితుడైన గూఢచారి ఫీలిక్స్ లైటర్‌ను సొరచేపకు వేసే ఘట్టాన్ని తీసుకుని, ముప్ఫై అయిదేళ్ళ తరువాత తమ కథలో కొత్తగా జరిగినట్టు పెట్టారు. దానిలో ఒక చెయ్యీ ఒక కాలూ పోగొట్టుకుని, కొక్కెం చేత్తో, కృత్రిమ కాలితో తరువాతి పుస్తకాల్లో నడిచినవాడే లైటర్. ఇక గార్డ్‌నర్‌కు దారి లేక, ఆ మనిషినే రెండోసారి సొరచేప నోట్లో పెట్టవలసి వచ్చింది. ఫ్లెమింగ్ 1960 నాటి కథలో చనిపోయిన మిల్టన్ క్రెస్ట్ కూడా ఈ కథలో మళ్ళీ చావడానికి వస్తాడు. లైటర్ నాకు ఎంతో ఇష్టమైన పాత్ర. అతనికి ఫ్లెమింగ్ ఇచ్చిన బాధకు ఎంతో బరువుంది. రెండోసారి అదే జరిగేసరికి మొదటిదాని బరువు కూడా తగ్గిపోయింది. చదువుతుంటే నిజంగా బాధ కలిగింది.

అందువల్ల ఏ రచయిత ఫ్లెమింగ్ వస్తువులను ఎన్ని ఏరుకొచ్చాడని కాక, అవి లేకపోయినా ఆ దృశ్యం నిలబడుతుందా అని అడగాలి. నికితిన్ పేరు తీసేసి వుడ్ పుటలు చదవండి. జాస్ గతం అప్పటికీ నిలబడుతుంది. స్మెర్ష్ మాత్రం నాకు అలంకారంగానే కనబడింది.

పాతపుటలు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వెన్నెలగట్టు గారు చెప్పిన పరీక్ష పెట్టి కొన్ని అధ్యాయాలు తిరిగి చదివాను. బాండ్‌తో కలిసి పనిచేసే సోవియట్ గూఢచారిణి ఆన్యా అమసోవా విషయం నన్ను పట్టుకుంది. మంచుకొండల్లో బాండ్ చంపినవాడు ఆమె ప్రేమించిన మనిషి. పని ముగిసిన మరుక్షణం బాండ్‌ను చంపుతానని ఆమె అతని ముఖం మీదనే చెబుతుంది. సినిమాలో ఇంత పెద్ద ముడి చివరికి ఒక షాంపేను సీసా మూత ఎగిరినంతసేపట్లో విడిపోతుంది. తెర మీద నటుల ముఖాలు ఆ లోటును కప్పేస్తాయి, కాగితానికి ఆ వెసులుబాటు లేదు. వుడ్ ఈ ముడిని ఇంకా చాలాసేపు బిగించి ఉంచవలసిందని నాకు అనిపించింది. లోపాలెన్ని ఉన్నా, ఒక స్త్రీ మనసులోంచి కథ చెప్పడానికి ఒక పుస్తకమంతా వెచ్చించినవాడు ఫ్లెమింగ్. పేరు తప్ప ఏమీ పంచుకోని ఆ రెండు పుస్తకాలూ సరిగ్గా ఇక్కడ పోలికకు వస్తున్నాయి.

రాత్రిచదువరి ఇచ్చిన జవాబు:

ఇంతవరకూ ఎవరూ ఎత్తని సంగతి ఒకటి చేరుస్తాను. మూల నవల ఒకవైపు, సినిమా నుంచి దిగిన నవల ఇంకోవైపు అని మనం గీస్తున్న గీత ఫ్లెమింగ్ దగ్గరే చెరిగిపోతుంది. 1961లో వచ్చిన ‘థండర్‌బాల్’ ఒక సినిమా కోసం ఫ్లెమింగ్, కెవిన్ మెక్‌క్లోరీ, జాక్ విటింగ్‌హామ్ కలిసి తయారుచేసిన రచన మీద ఆధారపడింది. ఆ ప్రయత్నం ముందుకు సాగక ఫ్లెమింగ్ దాన్ని నవలగా మలిచినప్పుడు మెక్‌క్లోరీ కోర్టుకు వెళ్ళాడు. 1963లో రాజీ కుదిరి, మిగతా ఇద్దరి పేర్లూ తరువాతి ముద్రణల్లో చేరాయి. అంటే వెండితెరకు అనుకున్న కథ నుంచి పుట్టిన బాండ్ నవల ఒకటి ఫ్లెమింగ్ చేత్తో రాసిందే, అదీ సినిమా కంటే నాలుగేళ్ళు ముందు.

ఆ పుస్తకం ఎలా మొదలవుతుందో గుర్తుచేసుకోండి. అణుబాంబుల దొంగతనం మీద నడిచే ఇంత భారీ కథకు ముందు, రోజుకు అరవై సిగరెట్లు కాల్చి ఒళ్ళు పాడుచేసుకున్న బాండ్‌ను ఎమ్ ఒక ప్రకృతి చికిత్సాలయానికి పంపిస్తాడు. అక్కడ వెన్నెముకను సాగదీసే బల్ల మీద పట్టీలతో బిగించి ఉన్నప్పుడు, ఎవరో యంత్రం వేగం పెంచేస్తారు. ప్రపంచాన్ని కాపాడవలసిన మనిషి ఎవరి కంటా పడకుండా ఒక ఆస్పత్రి బల్ల మీద చచ్చిపోబోతాడు. సినిమా కోసం అల్లిన కథే అయినా, నాలుగోపేజీ గారు చెప్పిన ఒంటి ఖర్చు అక్కడా పూర్తిగా ఉంది.

కాబట్టి పాతపుటలు గారూ, వుడ్‌ను ‘థండర్‌బాల్’ పక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ సముద్రం ఉంది, అణ్వాయుధాలు ఉన్నాయి, అపారమైన డబ్బున్న దుర్మార్గుడు ఉన్నాడు, రెండూ సినిమావాళ్ళ బల్ల దగ్గర పుట్టాయి. వుడ్‌కు అంతకంటే సరిజోడు దొరకదు. నా లెక్కలో నీటి అడుగు ఘట్టాల్లో ఫ్లెమింగ్ చాలా ముందున్నాడు, ఎందుకంటే ఆయన అక్కడి చేపలనూ పగడపు దిబ్బలనూ స్వయంగా ఈదుతూ చూసి రాశాడు. జాస్ కనబడే పుటల్లో మాత్రం వుడ్ ఆయనతో సమానంగా నిలిచాడు.

పాతపుటలు:

రేపటి నుంచే ‘థండర్‌బాల్’ మళ్ళీ మొదలుపెడతాను. ఈసారి ఆ చికిత్సాలయం అధ్యాయాలనూ, వుడ్ రాసిన చిత్రహింస ఘట్టాన్నీ ఒకదాని వెంట ఒకటి చదివి, ఎక్కడ ఎవరి వాక్యం నిలిచిందో ఇక్కడే రాస్తాను.