అర్ధరాత్రి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టట్లేదు, ఏం చేయాలి?

తెల్లకాగితం:
పడుకోగానే నిద్ర బాగానే పడుతుంది, బాధంతా రెండు రెండున్నరకి మెలకువ వచ్చాకే. ఫోన్ తీసి టైమ్ చూస్తాను, ఇక అక్కణ్ణుంచి లెక్కలే, ఇప్పుడు పట్టేస్తే నాలుగు గంటలు, మూడింటికి పడితే మూడే అని. తీరా అలారం మోగే ముందు కళ్లు మూతలు పడతాయి. మాత్రల జోలికి పోవడం ఇష్టం లేదు. ఎవరికైనా నిజంగా పనిచేసింది ఉంటే చెప్పండి.

నడిజాము:
మెలకువ రావడం జబ్బేమీ కాదండీ. నిద్ర సుమారు 90 నిమిషాల విడతలుగా సాగుతుంది, విడతకీ విడతకీ మధ్య అందరూ కాస్త కదులుతారు, కొద్దిగా మెలకువ కూడా వస్తుంది, చాలామందికి తెల్లారేసరికి అది గుర్తుండదు. గాఢనిద్ర ఎక్కువ భాగం మొదటి సగంలోనే అయిపోతుంది కాబట్టి ఆ తర్వాత నిద్ర పలచబడుతుంది. మిమ్మల్ని పడుకోనివ్వనిది ఆ లెక్కలే. ఫోన్ పక్క గదిలో పెట్టేసి, అలారానికి విడిగా ఒక గడియారం తెచ్చి దాని ముఖం గోడవైపు తిప్పేయండి. మోగేవరకు టైమ్ ఎంతైతే మీకెందుకు?

పాతకుర్చీ:
పైన చెప్పింది చేస్తూనే ఇంకో పని చేయండి, మంచం దిగండి. ఓ ఇరవై నిమిషాలు అయినట్టు అనిపించినా, చిరాకు మొదలైనా లేచిపోవడమే. రిచర్డ్ బూట్‌జిన్ అనే సైకాలజిస్టు 1972లోనే ఈ పద్ధతి రాశారు, మంచం మీద మెలకువగా దొర్లేకొద్దీ మంచం చూస్తేనే టెన్షన్ పడటం ఒంటికి అలవాటైపోతుంది, ఆ అలవాటుని తెంపాలి. నిద్రలేమికి మందుల్లేకుండా, ఆలోచనలూ అలవాట్లూ మార్చి చేసే సీబీటీ-ఐ చికిత్సలో ఇదొక ముఖ్య భాగం. చాలాకాలంగా ఉన్న నిద్రలేమికి మాత్రల కన్నా ముందు ఆ చికిత్సే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ అనే డాక్టర్ల సంఘం కూడా చెప్పింది.

నేను చేసేది చెప్తాను. పక్క గదిలో కుర్చీ, తక్కువ వెలుతురు లైటు, ఇదివరకే చదివేసిన పుస్తకం, ఇవన్నీ పడుకునే ముందే సర్దిపెట్టుకుంటాను. చదువుతుంటే కాసేపటికి ఒకే లైను రెండోసారి మూడోసారి చదువుతుంటాను, కళ్లు బరువెక్కుతాయి, అప్పుడు వెళ్లి పడుకుంటాను. పొద్దున మాత్రం ఎంత తక్కువ పడుకున్నా అదే టైముకి లేవాలి, పగలు కునుకు తీయకూడదు. మొదట్లో పగలంతా నీరసంగా ఉంటుంది, ఆ నీరసమే తర్వాతి రాత్రి నిద్ర తెస్తుంది, అక్కడ వదిలేయకండి.

తెల్లకాగితం:
లేస్తే పక్కన పడుకున్నవాళ్లకి కూడా నిద్ర చెడుతుందేమో అండీ, అప్పుడేం చేయాలి?

పాతకుర్చీ:
అయితే దిండుకి ఆనుకుని మంచం మీదే కూర్చోండి. నిద్రపోవాలని ప్రయత్నించకుండా చీకట్లో కళ్లు తెరిచి, ఊరికే మేలుకుని ఉందాం అనుకోండి. వినడానికి వింతగా ఉన్నా ఇదీ సీబీటీ-ఐలో వాడే పద్ధతే, నిద్ర కోసం తంటాలు పడటం ఆపితే ఆ ఆదుర్దా తగ్గుతుంది.

చల్లగాలి:
సాయంత్రం కాఫీ ఉంటే మానేయండి, తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. మద్యం అలవాటు ఉంటే అదీ అంతే, తొందరగా నిద్ర పట్టిస్తుంది కానీ రాత్రి రెండో సగం నిద్రని పాడుచేస్తుంది. ఇంకో మాట, గట్టిగా గురక పెడుతున్నారనీ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందనీ పక్కవాళ్లు చెప్తే, లేదా మూత్రానికి పదే పదే లేవాల్సి వస్తుంటే ఈ చిట్కాలతో సరిపెట్టుకోకండి. అవేమీ లేకపోయినా వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా మూడు నెలలు ఇలాగే సాగితే డాక్టర్‌కి చూపించుకోండి. సీబీటీ-ఐ చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వాళ్లనే అడగండి.